ఒక్క రోజు బడి మానితే ఏం?

2023 జూలై 14, శుక్రవారం. మర్నాడు వీక్లీ టెస్ట్. అయినా మా అమ్మాయిని బడి మానిపించి శ్రీహరికోట తీసుకెళ్లాను. నాది రాకెట్ల పిచ్చి (మా ఆవిడ మాట). మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచింది. ముందు మంట కనిపించింది, చప్పుడు లేదు.

"నాన్నా, సౌండ్ ఏది?"

కాసేపటికి ఆ ఉరుము వచ్చి గుండెల్ని తాకింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుందని అంతకుముందే బట్టీపట్టిన పిల్ల! అప్పుడు గానీ దానికి అర్థం కాలేదు. టెస్టులో నాలుగు మార్కులు తగ్గాయి, ఒప్పుకుంటాను.

ఇస్రో వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు. తోటి పేరెంట్స్ ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లండి. స్కూలు వారు ఆ రోజుకు హాజరు వేసి, టెస్టు తర్వాత పెట్టాలని నా మనవి.