పాతపటములలో పుట్టినిండ్లు

మనలో వంశవృక్షము వ్రాయువారు తండ్రి, తాత, ముత్తాత యని పురుషుల పేళ్లనే వరుసగా వ్రాయుదురు. ఆ యింటికి కోడండ్రై వచ్చినవారి మాట యెత్తినచో, "బాపట్ల నాయనమ్మ" యనియో, "చీరాల పెద్దత్త" యనియో ఊరిపేరొక్కటియే మిగులుచున్నది. వివాహముతో ఆమె యింటిపేరు మారినది. కావున స్త్రీల వంశచరిత్రమునకు ఊరే ముఖ్యాధారము. ఆ యూరిని గుర్తించుటకు పాతపటములు మిక్కిలి తోడ్పడును. ఇవి యిప్పుడు ఇంటర్నెట్టులో నుచితముగనే లభించుచున్నవి గాన, సోదరీమణులకు వానినిగూర్చి తెలుపదలచితిమి.

మొదట తెలియవలసిన దేమనగా, ఊరు కదలకున్నను జిల్లా మారుచుండును. రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలను 1859లో గోదావరి, కృష్ణా యను రెండు జిల్లాలుగా నేర్పరచిరి. గుంటూరు మరల 1904లో వేరైనది. కావుననే 1890 నాటి దస్తావేజులో బాపట్ల కృష్ణాజిల్లాలోని దిగా కనబడును. 1904 తరువాత నది గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణము. ఈ సంగతి తెలియనిచో చేతిలోని కాగితమే తప్పని తలంతుము.

ఆనాటి జిల్లాల హద్దులు చూచుటకు ఇంపీరియల్ గెజెటీరుతోబాటు 1909లో ప్రకటింపబడిన పటముల సంపుటము అనుకూలము. దానిని చికాగో విశ్వవిద్యాలయమువారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో చూడవచ్చును. పల్లెలను వెదకుటకు అమెరికా సైన్యముయొక్క పటశాఖవారు 1950 ప్రాంతముల సిద్ధపరచిన పటములు మేలు. సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్ల కొలతతో నున్న వీనిని టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు ఉంచినారు. అన్ని పల్లెలు నిందుండవు. అయినను చాల నున్నవి. ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ అను చోట ఊరిపేరిచ్చి వెదకినచో, పలు గ్రంథాలయములలోని పటము లొక్కచోటనే కనబడును.

వెదకునపుడు పాత యింగ్లీషు వర్ణక్రమమును గమనింపవలెను. కాకినాడను కోకనాడ యనియు, ఏలూరును ఎల్లోర్ అనియు, విజయవాడను బెజవాడ యనియు వ్రాసెడివారు. రామాపురము, కొత్తపల్లి వంటి పేళ్లు జిల్లాకు పెక్కు గలవు. కావున ఊరిపేరుతో తృప్తి నొందక, తాలూకా యేది, దగ్గర రైలుస్టేషను ఏది, సంత యెచ్చట జరిగెడిది, ఏ యేరు దాటి పుట్టింటికి పోయెడివారు అని పెద్దల నడిగి వ్రాసికొనవలెను. పిమ్మట పాతపటమును, నేటిపటమును ప్రక్క ప్రక్కన నుంచి, ఏటివంపు, కొండ, చెరువు గుర్తులుగా పోల్చి చూచినచో ఊరు తేలికగా దొరకును.

కొన్ని యూళ్లు నేటిపటములో నసలే యుండవు. శ్రీశైలము ఆనకట్ట కట్టిన తరువాత, 1980 ప్రాంతమున, కర్నూలు, మహబూబునగరము జిల్లాల కృష్ణాతీరపు పల్లెలనేకము నీట మునిగినవి. అచ్చటి యాడుపడుచులకు పుట్టింటి వాకిలి చూపుటకు నేడు నేల లేదు. ఆనకట్టకు పూర్వపు పటములో మాత్రము ఆ పల్లె, దానికి పోవు బాట, ఏటియొడ్డు ఉన్నచోటనే యున్నవి. అట్టి పటము నొకదానిని అచ్చు వేయించి, ఊరిచుట్టు సున్న చుట్టి, క్రింద అమ్మమ్మ పేరు వ్రాసి పిల్లల కిచ్చినచో, అదియే వారికి మాతృవంశపు పత్రము.

పటములు గ్రంథాలయములలో భద్రముగనే యున్నవి. నేడు గాకున్న రేపైనను చూడవచ్చును. ఊరిపేళ్లు చెప్పగల పెద్దవా రెల్లకాలముండరు. కావున పటము వెదకుటకు ముందే, ఇంటిలోని పెద్దమ్మను కూర్చుండబెట్టుకొని, ఆమె తల్లిది ఏయూరో, ఆ తల్లి తల్లిది ఏయూరో అడిగి, తేదీతో సహా వ్రాసియుంచుడు.