బురద కడిగినా బండి చరిత్ర పోదు

విజయవాడ: కోతలు ముగిసి ధాన్యం డబ్బు చేతికి రాగానే డెల్టా పల్లెల నుంచి విజయవాడకు ఒక రకం బేరగాళ్ళు బయలుదేరుతారు. ఒక రైతు, ఆయన వెంట కొడుకో మేనల్లుడో, మోటారు సంగతి కాస్త తెలిసిన వూరి కుర్రవాడొకడు. కొత్త బండి కొనే స్తోమతు లేక సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు కోసం వస్తారు. దుకాణం ముందు బండ్లు వరుసగా తళతళలాడుతూ వుంటాయి. మీటరులో తిరిగిన కిలోమీటర్లు తక్కువ. "ఒకే చేతి బండి, మేష్టారు గారు కాలేజీకి వేసుకెళ్ళిందండీ" అంటాడు అమ్మేవాడు.

ఆ మేష్టారు గారెవరో కొనేవాడికి తెలియదు. బండి నిన్న ఎక్కడ వున్నదో, ఎవరిని గుద్దిందో, ఏ నీళ్ళలో నానిందో కూడా తెలియదు. తెలిసినవాడు ఎదురుగా నిలబడి వున్నాడు. అతడు చెబుతాడా? చెప్పి తీరాలన్న చట్టం వున్నదా? పల్లెవాసులు యోచించవలసిన ప్రశ్న ఇది.

బుడమేరు మిగిల్చిన అనుమానం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలను ముంచెత్తిన సంగతి అందరికీ తెలిసిందే. రోజుల తరబడి నీరు తీయలేదు. ఇళ్ళ ముందు నిలిపిన వేలాది స్కూటర్లు, మోటారు సైకిళ్ళు ఆ మురుగునీటిలోనే నానాయి. దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి రూ. 3 వేలు, ఆటోకు రూ. 10 వేలు చొప్పున ప్రభుత్వం సహాయం ప్రకటించింది. చాలామంది బాగు చేయించుకుని నేటికీ వాటినే నడుపుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు.

అమ్మకానికి వచ్చిన బండ్ల సంగతి వేరు. సీ బుక్కులో యజమాని పేరు వుంటుంది, ఛాసీ నెంబరు, ఇంజను నెంబరు వుంటాయి, ఫైనాన్సు వుంటే అదీ వుంటుంది. "ఈ బండి నీట మునిగింది" అని రాసే గడి మాత్రం లేదు. అందువల్ల బురద కడిగి, రంగు కొట్టి, సీటు కవరు మార్చిన నాడే ఆ బండి చరిత్ర కాగితం మీద నుంచి మాయమైపోతుంది.

కాని ఇనుము మీద నుంచి పోదు. ఒండ్రు కలిసిన నీరు బేరింగుల్లో, వైరింగు కీళ్ళలో చేరితే వెంటనే కాక కొన్ని నెలలకు పని చెబుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఇంజనుకు పెట్రోలు అందించే పనిని చాలావరకు ఎలక్ట్రానిక్ పెట్టె చూసుకుంటుంది. అది తడిసి పాడైతే పల్లెలోని మెకానికు స్క్రూడ్రైవరుతో సరిచేసేది కాదు.

పశువుల సంతలో ఇలా మోసపోతామా?

ఎడ్లను కొనేటప్పుడు మన రైతు ఎవరి మాటా వినడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అదే రైతు మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి రంగు చూసి, మీటరు చూసి డబ్బు లెక్కపెడుతున్నాడు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఆ సమయానికి గుర్తురాదు.

చట్టం కూడా ఈ విషయాన్ని జంతువు బేరంతోనే చెప్పడం విశేషం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో ఒక ఉదాహరణ వుంది. గుర్రానికి జబ్బు వున్నదని తెలిసి కూడా ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే, ఆ మౌనం ఒక్కటే మోసం కింద రాదు. అయితే కొనేవాడు, "నీవు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకుంటాను" అన్నప్పుడు అమ్మేవాడు నోరు మెదపకుండా వుంటే, ఆ మౌనం మాటతో సమానమే. లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం ఎలాగూ మోసమే.

అంటే అడగనివాడికి చట్టం అంతగా అక్కరకు రాదు, అడిగినవాడికి వస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదు కదా! "ఈ బండి వరదలో మునిగిందా? యాక్సిడెంటు అయిందా? మీటరు మార్చారా?" అన్న మూడు ప్రశ్నలు వెంట వచ్చినవారు వింటుండగా అడగాలి. జవాబులను రసీదు మీద రాయించి సంతకం పెట్టించుకోవాలి. రాయడానికి వెనుకాడితే ఆ వెనుకంజే జవాబు.

మంచి వ్యాపారికీ నష్టమే

వ్యాపారులందరూ మోసగాళ్ళన్న మాట సరికాదు. 1960ల నుంచి పెరిగిన ఆటోనగర్ ఈ వూరికి పేరు తెచ్చింది. లారీ బాడీలు కట్టడంలో, పాత ఇంజనుకు ప్రాణం పోయడంలో ఇక్కడి చేతిపని గొప్పది. పాత బండ్ల వ్యాపారంలోనూ మాట మీద నిలబడేవారు వున్నారు. అయితే చరిత్ర దాచే ఆచారం ముందుగా దెబ్బతీసేది వారినే.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఈ సంగతే నిరూపించారు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ వాదన మన లెక్కలో ఇలా వుంటుంది. మంచి బండి విలువ 50 వేలు, చెడ్డ బండి విలువ 20 వేలు అనుకుందాం. రెంటికీ తేడా తెలియని బేరగాడు మధ్యస్థంగా 35 వేలు అంటాడు. ఆ ధరకు మంచి బండివాడు అమ్మడు, చెడ్డ బండివాడు సంతోషంగా అమ్ముతాడు. క్రమంగా బజారులో చెడ్డవే మిగులుతాయి. నిజం చెప్పేవాడికి ధర రాకపోతే నిజం చెప్పేవారూ తగ్గుతారు.

అమెరికాలో 1985 నుంచి పాత కార్ల డీలరు గ్యారంటీ వున్నదో లేదో తెలిపే కాగితాన్ని కారు అద్దానికి అంటించాలన్న నిబంధన వుంది. అక్కడ కూడా మోటారు సైకిళ్ళను దాని నుంచి మినహాయించారు. ద్విచక్ర వాహనం కొనేవాడి గోడు అన్నిచోట్లా ఆలస్యంగానే వినిపిస్తుందన్న మాట.

కొత్త నిబంధనల్లో వున్నది, లేనిది

మన దేశంలో పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ గుర్తింపు వుండాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించేటప్పుడు యజమాని ఫారం 29-సి ద్వారా ఆ సంగతి తెలియజేయాలి. అక్కడి నుంచి బండికి డీలరే బాధ్యుడు. తన వద్ద వున్న కాలంలో బండి ఎందుకు, ఎంత దూరం తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో నమోదు చేయాలి.

ఇది మంచి అడుగే. కాని బండి మునిగిందా, గుద్దిందా అన్న పూర్వచరిత్రను కొనేవాడికి రాసి ఇచ్చి తీరాలన్న షరతు అందులో లేదు. అసలు లోటు అక్కడే వుంది. డీలరును నమ్మాలా వద్దా అన్న మీమాంస ఆ ఒక్క కాగితం తప్పనిసరి అయితే సగం తీరుతుంది.

అమ్మేవారు కూడా జాగ్రత్త

ఈ నిబంధనలు వచ్చినా పల్లెల్లో పాత అలవాటు పోలేదు. బండి అమ్మినవారు ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టి దళారి చేతికి ఇచ్చి వస్తున్నారు. ఆ బండి ఎన్ని చేతులు మారినా సీ బుక్కులో పేరు మాత్రం పాత యజమానిదే. హర్యానాలో ఇలా చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిజిస్టరులో పేరు వున్నవారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని ఆ తీర్పు సారాంశం. ఎప్పుడో అమ్మేసిన బండి కోసం ఎకరం చెక్క అమ్ముకునే అవస్థ రాకూడదంటే పేరు మార్పిడి దగ్గరుండి చేయించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి.

కొనే ముందు చూడవలసినవి

మొదట కాగితాలు. బండి నెంబరును ఎం పరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు బాకీ వున్నదీ లేనిదీ తెలుస్తాయి. పాత చలాన్లు విడిగా చూడాలి. ఛాసీ, ఇంజను నెంబర్లను సీ బుక్కుతో అంకె అంకె సరిపోల్చాలి. 2019 నుంచి రాష్ట్రమంతటా ఏపీ 39 సిరీస్ వచ్చినందున, ఒకప్పుడు ఏపీ 16 అనగానే కృష్ణా జిల్లా బండి అని గుర్తుపట్టినట్లు ఇప్పుడు నెంబరును బట్టి వూరు చెప్పలేము. తెలంగాణ బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం లేనిదే కొనవద్దు.

తర్వాత బండి. సీటు ఎత్తించి మూలల్లో ఒండ్రు, తుప్పు చూడాలి. ఇంజనాయిలు పాలు కలిసినట్లు తెల్లగా వుంటే నీరు చేరిందని అర్థం. లైటు అద్దంలో, మీటరులో లోపల చెమ్మ మరక వుంటే అనుమానించాలి. మీటరు అంకెను నమ్మేకంటే బ్రేకు పెడలు రబ్బరు, ఫుట్‌రెస్టుల అరుగుదల చూడటం మేలు. అన్నిటికంటే, బండి ఎప్పుడూ ఎక్కడ సర్వీసు చేయించారో అడిగి ఆ కంపెనీ షోరూములో రికార్డు చూపించమనాలి. ఇంజను చల్లగా వున్నప్పుడే స్టార్టు చేయించాలి.

ఇన్ని చేసినా మోసం జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వుంది. విజయవాడలో కొన్నా, ఫిర్యాదుదారు తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు ధర రూ. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందుగా 1915 నెంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అయితే ఈ రక్షణ వ్యాపారి వద్ద కొన్నవారికే. రోడ్డు మీద ముక్కూమొహం తెలియని వ్యక్తి వద్ద రసీదు లేకుండా కొన్నవారికి ఈ దారి దొరకడం కష్టం. నాలుగు వేలు తక్కువకు వస్తున్నదని రసీదు వదులుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నమ్మకం వద్దని కాదు. పాల కేంద్రానికి, పొలానికి, పిల్లల చదువుకు ఆ బండే ఆధారమైన కుటుంబం తన ఏడాది మిగులును ఒక అపరిచితుడి నోటిమాట మీద పెట్టడం న్యాయం కాదని మాత్రమే. బండి మంచిదని నోటితో చెప్పగలిగిన వ్యాపారి దాన్నే కాగితం మీద రాయడానికి సంకోచించనక్కరలేదు. అలా రాసి ఇచ్చే దుకాణానికి పల్లెలన్నీ కట్టుబడితే, చట్టం చేయని పని బేరమే చేయిస్తుంది.