బాబూఘాట్‌లో భక్తి, బస్తీలో నేరం

ప్రతి జనవరిలో గంగాసాగర్ మేళాకు వెళ్లే సాధువులు కోల్‌కతా బాబూఘాట్‌లో గుడారాలు వేసుకుంటారు. ఒంటికి బూడిద, చేతిలో చిలుం. పక్కనే పోలీసులుంటారు, టీవీ కెమెరాలుంటాయి, ఫొటోలు దిగే బాబులుంటారు. అక్కడ గంజాయి పొగ సంస్కృతి. అదే చిలుం టీటాగఢ్ కూలి లైన్లలో పందొమ్మిదేళ్ల కుర్రాడి చేతిలో కనబడితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం నిద్ర లేస్తుంది. ఆ చట్టం గంజాయి పూతను నిషేధించి, ఆకుతో చేసే భంగును వదిలేసింది. హోలీకి, శివరాత్రికి ఎవరింట్లో ఏం తాగుతారో రాసినవాళ్లకు తెలియదా?

'యువత ఎందుకు మత్తులో పడుతోంది?' అని పత్రికలు అడుగుతాయి. ఏ యువత అని మాత్రం అడగవు. పార్క్ స్ట్రీట్ పబ్బులో తాగే పెద్దకులపు పిల్లాడికి 'ఒత్తిడి', 'స్నేహితుల ప్రభావం'. బస్తీ పిల్లాడికి 'వాళ్ల అలవాటే అంత'. ఒకడికి కౌన్సెలర్, ఇంకొకడికి లాకప్.

కారణం కావాలంటే పనిలో వెతకండి. శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి మన తాతలు హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లులకు వచ్చారు. ఇప్పుడు గేటుకు 'సస్పెన్షన్ ఆఫ్ వర్క్' నోటీసు వేలాడితే మనవడికి ఇక్కడ పని లేదు, ఊళ్లో భూమి లేదు. పొద్దంతా ఖాళీ, రాత్రికి సీసా. పని దొరికినా ఎలాంటి పని? 2021 ఫిబ్రవరిలో కుద్‌ఘాట్ మ్యాన్‌హోల్‌లో నలుగురు కూలీలు చనిపోయారు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కోల్‌కతాతో సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగులోకి దించొద్దంది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 2న, బంతలాలో మరో ముగ్గురు పోయారు. ఆ ఏడుగురూ తాగారని నేననడం లేదు. మందు పడకుండా ఆ గొయ్యిలోకి దిగలేమని పాకీ పనివాళ్లు ఏ ఊళ్లోనైనా చెబుతారు. ఇరవై ఏళ్లకే ఆ పనికి వెళ్లినవాడు ఇరవై ఏళ్లకే తాగడం మొదలెడతాడు. అది సరదా కాదు.

ప్రభుత్వానికి ఇది ఆదాయం. 1893లో ఇదే కలకత్తాలో గంజాయిపై విచారణ మొదలుపెట్టిన బ్రిటిష్ కమిషన్, పూర్తి నిషేధం వద్దు, పన్నుతో అదుపు చేద్దాం అని తేల్చింది. దొరలు పోయారు, ఎక్సైజ్ లెక్క పోలేదు. లైసెన్సు మందు కొనలేనివాడు నాటుసారాకు వెళ్తాడు. 2011 డిసెంబర్‌లో దక్షిణ 24 పరగణాల సంగ్రామ్‌పూర్‌లో మిథైల్ ఆల్కహాల్ కలిసిన సారా తాగి 170 మందికి పైగా చనిపోయారు. రిక్షా కార్మికులు, దినకూలీలు, వీధి వ్యాపారులు. ప్రాణానికి 2 లక్షలు ప్రకటించారు.

బతికినవాళ్ల సంగతి? 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే చికిత్స అందుతోంది. ఆ ఒక్కడు ఏ వాడవాడో మీరే ఊహించండి. మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా సాగుతుంది. ఆ వయసులో గంజాయి అతిగా పీల్చినవాడికి మతి చలించే ముప్పు ఎక్కువ. డబ్బున్న ఇల్లు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తుంది. మన ఇల్లు గాలి సోకిందని ఓఝా దగ్గరికి వెళ్తుంది.

అలాగని తాగుడే మన సంస్కృతి అనే మనవాళ్ల మాటా నాకు మింగుడుపడదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు ముట్టనన్నది ఒకటి. ఆయన్ను 1946లో రాజ్యాంగ సభకు పంపింది ఈ బెంగాలే. ఏప్రిల్ 14 ఊరేగింపులో ఆయన బొమ్మ ముందు తాగి డీజేకి ఊగే తమ్ముళ్లకు, వాళ్లకు సీసాలు పంచే మన నాయకులకు ఆ సంగతి తెలియదా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ఏ నాయకుడి అనుమతీ అడగలేదు.

బస్తీకో ఉచిత డీఅడిక్షన్ క్లినిక్ కావాలి, మన భాష తెలిసిన డాక్టరుతో. మురుగులోకి యంత్రం దిగాలి. వచ్చే జయంతి చందాలో సీసాల ఖర్చు ఎంతో ఈసారి లెక్క అడగండి.