చెయ్యి వాలిపోతే పాలు మానేయాలా?

ఫోన్‌లో తిరిగే ఇలాంటి వీడియో మీరూ చూసే ఉంటారు. ఒకాయన ఎదుటి మనిషిని చెయ్యి భుజం ఎత్తుకు చాపి ఉంచమంటాడు. మణికట్టు దగ్గర నొక్కుతాడు, చెయ్యి కదలదు. తర్వాత రెండో చేతిలో పంచదార సీసా పెట్టి మళ్లీ నొక్కుతాడు. ఈసారి చెయ్యి వాలిపోతుంది. ‘ఇది మీ ఒంటికి పడదు’ అని తేల్చేస్తాడు. సూది లేదు, రక్తపరీక్ష లేదు. నమ్మబుద్ధేస్తుంది కదా!

దీని పేరు అప్లైడ్ కినీసియాలజీ. అమెరికాలోని డెట్రాయిట్‌లో జార్జి గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ 1964లో మొదలుపెట్టారు. కైరోప్రాక్టర్లంటే వెన్నుపూసలను, కీళ్లను చేత్తో సవరించేవారు. అందరూ ఈ పరీక్ష చేయరు. చేసేవాళ్లు చెప్పేదేమిటంటే, ఒక్కో కండరానికి ఒక్కో అవయవంతో లంకె ఉంటుందట. అవయవం దెబ్బతిన్నా, పడని పదార్థం తగిలినా ఆ కండరం నీరసిస్తుందట. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు నడుంనొప్పికి ఎవరికైనా చూపించుకుంటే మీకూ ఇది ఎదురుకావచ్చు.

కండరాల బలం చూడటం మామూలు వైద్యంలోనూ ఉంది. పక్షవాతం అనుమానం ఉన్నా, వెన్నులో డిస్కు జారి నరం నలిగినా డాక్టరు మీ చేతులూ కాళ్లూ నొక్కి చూసి 0 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. అక్కడ కండరానికీ నరానికీ సంబంధం ఉంది. పంచదార సీసాకు అలాంటిదేమీ లేదు.

ఆ సంగతి పరీక్షించి చూశారు కూడా. 1988లో అనుభవమున్న ముగ్గురు 11 మందిని ఇలాగే నొక్కి చూసి విటమిన్ ఎ, సి, థయమిన్, జింక్ లోపాలు చెప్పారు. ఒకరు చెప్పింది మరొకరితో కలవలేదు, ల్యాబ్ ఫలితాలతో అసలే కలవలేదు. 2001లో అచ్చయిన అధ్యయనంలో కందిరీగ విషం పడనివారి మీద చూస్తే, బొమ్మా బొరుసూ వేసినంత ఫలితమే వచ్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, పిల్లల ఆహార అలర్జీలకు దీన్ని వాడొద్దని 2011లోనే చెప్పింది.

మరి చెయ్యి ఎందుకు వాలుతుంది? మన దగ్గర బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాళ్లను గుర్తుచేసుకోండి. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. తానే కదిపానని ఆ మనిషికి తెలియదు. మనసులో ఉన్న అంచనా తెలియకుండానే కండరాన్ని కదిలిస్తుంది. దీన్ని ఐడియోమోటార్ ప్రభావమని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించారు. ఇక్కడ అంచనా ఇద్దరిలోనూ ఉంటుంది: నొక్కేవారు కాస్త గట్టిగా నొక్కుతారు, చాపినవారు కాస్త వదిలేస్తారు. పైగా రెండోసారికి చెయ్యి అలిసి ఉంటుంది. కాబట్టి ప్రతివారినీ మోసగాళ్లనక్కర్లేదు, చాలామంది నిజంగానే నమ్ముతారు.

నాకు ఎక్కువ భయం పసిపిల్లల విషయంలోనే. వాళ్లు చెయ్యి చాపి ఉంచలేరు కాబట్టి, బిడ్డను తాకుతున్న తల్లి చేతిని నొక్కి బిడ్డకు ఏది పడదో చెప్పే పద్ధతీ ఉంది. ఆ మాట మీద పాలు, గుడ్లు మాన్పిస్తే ఎదిగే వయసులో మాంసకృత్తులు, కాల్షియం తగ్గిపోతాయి. అంతకన్నా ప్రమాదం, నిజంగా పల్లీ అలర్జీ ఉన్న బిడ్డకు ‘ఏం ఫర్వాలేదు’ అని చెప్పడం. గొంతు వాచి ఊపిరాడకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

అనుమానం ఉంటే ఏం తిన్నాక, ఎంతసేపటికి, ఏమైందో రాసుకుని అలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లండి. అవసరాన్ని బట్టి చర్మం మీద ప్రిక్ టెస్టు, ఐజీఈ రక్తపరీక్ష చేస్తారు. ఇంకా తేలకపోతే ఆసుపత్రిలో తమ కళ్లముందే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఇంట్లో ఆ ప్రయోగం చేయొద్దు. గోధుమ పడదని అనుమానమైతే మరో మెలిక ఉంది: సీలియాక్ జబ్బుకు చేసే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా పట్టిస్తుంది. ఎవరో చెప్పారని ఇప్పటికే రొట్టెలు మానేసి ఉంటే, రక్తం ఇచ్చేముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.