"మనకెందుకు" అనే ముందు

'పార్టికల్ ఫీవర్' డాక్యుమెంటరీ 2013లో వచ్చింది. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో, భూమి కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలత వున్న సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి హిగ్స్ కణాన్ని కనుక్కున్న కథ అది. తీసిన మార్క్ లెవిన్సన్ తనే భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. హిగ్స్ బరువు 115 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తేలితే ఒక సిద్ధాంతం గెలిచినట్టు, 140 దగ్గర తేలితే ఇంకొకటి గెలిచినట్టు సినిమా పందెం కడుతుంది. చివరికది 125 దగ్గర తేలింది. ఈ పందెం అతి అని శాస్త్రం తెలిసినవాళ్ళు కొందరు విసుక్కున్నారు. ఆ తగువు వాళ్ళే తీర్చుకుంటారు. నా పేచీ మన స్త్రీల సంఘాల్లో విన్న రెండు స్పందనలతో.

మొదటిది సంబరం. "ఎంతమంది ఆడవాళ్ళున్నారో చూశారా!" అని. నిజమే, వున్నారు. దాదాపు 3000 మంది శాస్త్రవేత్తలున్న అట్లాస్ ప్రయోగానికి నాయకురాలు ఫాబియోలా జనోటి. 2012 జూలై 4న అట్లాస్ తరఫున ఫలితం ప్రకటించింది ఆమే. యువ పరిశోధకురాలు మోనికా డన్‌ఫర్డ్ యంత్రం గురించి మాట్లాడుతుంటే చూడటం, నా మటుకు నాకు, సినిమా మొత్తంలో ఎక్కువ ఇష్టమైన భాగం. కానీ ఈ విశ్వానికి అర్థమేమిటో కెమెరాకి వివరించే పని ఎవరికి దక్కింది? కప్లాన్, అర్కానీ-హమీద్, డిమోపౌలోస్. సిద్ధాంతం చెప్పే ముఖ్యులు ముగ్గురూ పురుషులే. ప్రయోగం తక్కువ పని అని నేననటం లేదు. ఈ విభజన మన సంబరంలో కొట్టుకుపోతోందంటున్నాను. జనోటి అంతటి ఫలితం ప్రకటించిన రోజున కూడా, ఆమె తెరమీద వాడిన అక్షరాల తీరు బాగాలేదని లోకమంతా వెక్కిరించినవాళ్ళు తక్కువమంది కాదు. 2016లో ఆమె సెర్న్‌కి మొదటి మహిళా డైరెక్టర్ జనరల్ అయింది. 2025 చివరిదాకా ఆ పదవిలో వుంది. ఆమె హయాంలోనే, 2018 సెప్టెంబరులో, అదే సెర్న్‌లో భౌతికశాస్త్రంలో స్త్రీల పరిస్థితి మీద జరిగిన సదస్సులో అలెసాండ్రో స్ట్రూమియా అనే ప్రొఫెసర్ లేచి, ఈ శాస్త్రాన్ని కనిపెట్టిందీ కట్టిందీ మగవాళ్ళేనని ఉపన్యసించాడు. సెర్న్ అతన్ని సస్పెండ్ చేసింది, మరుసటి ఏడు సంబంధం తెంచుకుంది. కుర్చీలో స్త్రీ వున్నంత మాత్రాన ఆ మాట అనటానికి అతను జంకలేదు.

రెండో స్పందనే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "రక్తహీనతతో చచ్చిపోయే ఆడవాళ్ళ మధ్య పనిచేసేవాళ్ళం, మనకెందుకు ఇవన్నీ?" ఖర్చు అడగటం తప్పు కాదు, అడగాలి. 2017 నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం, మన డబ్బూ అక్కడికి పోతోంది. అయితే ఖర్చెంత అని లెక్క అడిగే పౌరురాలు వేరు, ఈ జ్ఞానం మా ఆడవాళ్ళకి అక్కరలేదని తేల్చేసే కార్యకర్త వేరు. రెండో మాట మన ఇళ్ళల్లో మనం పుట్టినప్పటినుంచీ వింటున్నదే. ఆడపిల్లకి లెక్కలెందుకు, ఇంజనీరింగ్ ఎందుకు, పై చదువెందుకు అని. ఇప్పుడు దాన్ని అభివృద్ధి భాషలోకి మార్చి మనమే అంటున్నాం.

మన శిక్షణ సామగ్రి ఒకసారి తిరగేయండి. పొదుపు, పొగరాని పొయ్యి, ఉప్పు చక్కెర ద్రావణం, టీకాలు. అన్నీ కావలసినవే. కానీ పేద స్త్రీ కుటుంబాన్ని బాగుచేయటానికి పనికొచ్చేదే నేర్చుకోవాలనీ, ఊరికే తెలుసుకోవాలన్న కోరిక ఆమెకి వుండదనీ నిర్ణయించిందెవరు? నక్షత్రాలు ఎందుకు రాలిపోతాయని సంఘం మీటింగులో ఎవరైనా అడిగితే, మనం అజెండాలో తర్వాతి అంశానికి వెళ్ళిపోతాం.

సినిమాలో ఒక ఆర్థికవేత్త కప్లాన్‌ని ఇదే అడుగుతాడు, దీనివల్ల లాభమేమిటని. తనకి తెలియదంటాడు కప్లాన్. రేడియో తరంగాలు కనిపెట్టిననాడు వాటికా పేరే లేదు, అప్పటికి రేడియోలు లేవు కదా అంటాడు. మనకి ఈ సంగతి అతనికంటే బాగా తెలిసుండాలి. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు సారా దుకాణాలు మూయించటం దాని లక్ష్యం కాదు. చదువు కేంద్రాల్లో కూడిన స్త్రీలు తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రాజుకున్నది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అంత ఫలితం రాకపోయి వుంటే మాత్రం, వాళ్ళకి అక్షరాలు వృథా అనేవాళ్ళమా?

ఈ సినిమా ఇంగ్లీషులో వుంది. నిడివి గంటన్నర పైచిలుకు. మధ్యమధ్యలో ఆపి, తెలుగులో చెప్పుకుంటూ, ప్రశ్నలు అడగనిస్తూ చూస్తే ఒక పూట పడుతుంది. మన గ్రామ సంఘాల నాయకురాళ్ళకి ఈసారి జరిపే శిక్షణలో ఆ ఒక్క పూట కేటాయించమని అడుగుతున్నాను. నివేదికలో 'ప్రయోజనం' అన్న గడి ఖాళీగా వదిలేయండి.