గెలిపించిన ఓట్ల కంటే దింపేసిన ఓట్లే ఎక్కువ.. తైవాన్ మేయర్ హాన్ కువో-యు కథేంటి?

ఒక నగర మేయర్. గెలిచినప్పుడు వచ్చిన ఓట్లు 8,92,545. కుర్చీ ఎక్కి ఏడాదిన్నర కాకముందే, ఆయన్ను దించేయాలంటూ అదే నగరం వేసిన ఓట్లు 9,39,090! తైవాన్‌లోని కావోహ్సియుంగ్‌లో 2020లో జరిగిందిది. ఆ మేయర్ పేరు హాన్ కువో-యు. ఇప్పుడాయన ఆ దేశ పార్లమెంట్ స్పీకర్. అసలేం జరిగిందంటే..

కూరగాయల మార్కెట్ నుంచి మేయర్ కుర్చీకి..

హాన్ 1993 నుంచి 2002 వరకు ఎంపీ. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తైపీలో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారం చూసే కంపెనీకి జనరల్ మేనేజర్‌గా పనిచేశారు. 2018లో ప్రతిపక్ష కువోమింతాంగ్ పార్టీ ఆయన్ను కావోహ్సియుంగ్ బరిలో దింపింది. డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ (డీపీపీ)కి 20 ఏళ్లుగా కంచుకోట అది.

బట్టతల, మాస్ మాటలు, కూరగాయలమ్మేవాణ్నన్న ప్రచారం జనానికి కనెక్ట్ అయ్యాయి. ఇక్కడి సరుకు బయటికెళ్లాలి, బయటి జనం ఇక్కడికి రావాలి, నగరం ధనవంతం కావాలి.. ఇదే ఆయన నినాదం. చైనీస్‌లో ఆయన ఇంటిపేరు, కొరియాకు వాడే అక్షరం ఒకటే. అందుకే కొరియన్ వేవ్‌లా దీన్ని 'హాన్ వేవ్' అన్నారు. కంచుకోట బద్దలైంది.

ఎక్కడ తేడా కొట్టింది?

2019 మార్చిలో హాన్ హాంకాంగ్, చైనా పర్యటనకు వెళ్లారు. పంటల అమ్మకం ఒప్పందాల కోసమే అన్నారు. అయితే హాంకాంగ్‌లోని చైనా ప్రభుత్వ కార్యాలయంలో అడుగుపెట్టడం దుమారం రేపింది. ఆ జూన్‌లో హాంకాంగ్ భగ్గుమంటే, నిరసనల గురించి తనకు తెలియదన్న మాట మరింత డ్యామేజ్ చేసింది.

అసలు దెబ్బ వేరే ఉంది. మేయరై ఏడు నెలలు తిరక్కుండానే అధ్యక్ష పదవికి పోటీకి దిగారు. పార్టీ అభ్యర్థి రేసులో ఫాక్స్‌కాన్ వ్యవస్థాపకుడు టెర్రీ గౌను ఓడించారు. మన కొంగరకలాన్‌లో ప్లాంట్ ఉన్న ఫాక్స్‌కానే అది. ప్రచారం కోసం మేయర్ పనికి మూడు నెలలు సెలవు పెట్టారు. నగరాన్ని బాగుచేస్తానని వచ్చి, మధ్యలోనే వదిలేస్తున్నారన్న కోపం పెరిగింది. 2020 జనవరిలో సాయ్ ఇంగ్-వెన్ చేతిలో చిత్తుగా ఓడారు. సొంత నగరంలోనూ బాగా వెనకబడ్డారు.

రీకాల్ ఎలా పనిచేసింది?

తైవాన్ చట్టం ప్రకారం మొత్తం ఓటర్లలో కనీసం 25 శాతం మంది 'దిగిపో' అనాలి. వద్దనేవాళ్ల కంటే వాళ్లే ఎక్కువ ఉండాలి. తన మద్దతుదారులను ఓటింగ్‌కు దూరంగా ఉండమన్నారు హాన్. దాంతో ఆయనకు అనుకూలంగా పడ్డవి 25,051 ఓట్లే. జూన్ 6న జరిగిన ఈ ఓటింగ్‌తో పదవి పోయింది. ఉప ఎన్నికలో, 2018లో ఆయన చేతిలో ఓడిన డీపీపీ నేత చెన్ చి-మై గెలిచారు.

కథ అక్కడితో ఆగలేదు

2024లో పార్టీ జాబితా నుంచి పార్లమెంట్‌కు వచ్చిన హాన్, ఫిబ్రవరి 1న 54 ఓట్లతో స్పీకర్ అయ్యారు. జాబితా ఎంపీలకు రీకాల్ వర్తించదు. 2025లో కువోమింతాంగ్ ఎంపీలపై వరుసగా రీకాల్ ఓటింగ్‌లు జరిగినా ఒక్కరూ దిగలేదు. అంటే రీకాల్ ఉన్నంత మాత్రాన కుర్చీ కదలదు. కావోహ్సియుంగ్‌లో దాన్ని కదిలించింది, నమ్మి ఓటేస్తే వదిలేసి వెళ్లాడన్న జనం కోపమే.