దూరపు కొండలకొకటి, దీపం వెలుగుకొకటి

పోయిన నెలలో చిత్తూరు నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, చీటీ డబ్బులు చేతికొచ్చాయి. చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఫోనుండగా కెమెరా ఎందుకని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. కొంటే ఎటువంటిది కొనమంటారు?" అని. ఇటువంటివే మరో రెండు ఉత్తరాలు కూడా వచ్చాయి. కనుక ఈ వారం వంటింటి సంగతులు కాస్త పక్కనబెట్టి కెమెరా సంగతి చెప్పుకుందాం.

నేనేమీ ఫోటోగ్రఫీ చదువుకున్నదాన్ని కాను. నాకు కెమెరా మీద ధ్యాస కలగడానికి కారణం వేరే ఉంది. చిత్తూరులో మా అమ్మ పోయిన మూడో రోజున, గోడకు పెట్టడానికి ఫోటో కావాలన్నాడు మా అన్నయ్య. అందరి ఫోన్లూ వెతికాం. మనవళ్ళ పుట్టినరోజులు, గృహప్రవేశాలు, తిరుమల ప్రయాణాలు, వేల ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ అమ్మ భుజమో, చీర కొంగో, వడ్డిస్తున్న చెయ్యో కనిపిస్తాయి. అమ్మ కనిపించదు. చివరికి ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాం. స్టూడియో అబ్బాయి తన శక్తికొద్దీ చేశాడు గానీ, ఆ ముఖంలో కళ్ళు రెండూ నల్లటి చుక్కలే. దండ మార్చినప్పుడల్లా మా వదిన "ఇది అత్త కాదమ్మాయ్" అంటుంది.

ఆ మరుసటి ఏడు మా ఇద్దరికీ చీటీలు వచ్చాయి. వదిన కెనాన్ వారి పవర్‌షాట్ ఎస్‌ఎక్స్ 740 కొత్తది కొనుక్కుంది. నేను చెన్నైలో సోనీ ఆర్‌ఎక్స్ 100 చేతులు మారినది కొన్నాను. రెండూ అరచేతిలో ఇమిడేవే. కెనాన్ 300 గ్రాములు, సోనీ 240 గ్రాములు. రెండూ ఇరవై మెగాపిక్సెళ్ళవే. ఇంకేం, రెండూ ఒకటేననుకున్నాం. అట్లా కాదని తెలుసుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది. మీకు ఆ శ్రమ లేకుండా మేము నేర్చుకున్నది చెబుతాను.

ముందు మెగాపిక్సెళ్ళ మోజు వదిలిపెట్టండి. ఇరవై ఉంటే 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఫోటో కూడా నిక్షేపంగా వేయించుకోవచ్చు. ఇంట్లో గోడకు అంతకన్నా ఏం కావాలి? చూడవలసినవి రెండే రెండు. కెమెరా ఎంత దూరం చూస్తుంది? ఎంత తక్కువ వెలుతురులో చూస్తుంది?

దూరం సంగతిలో కెనాన్‌ది పైచేయి. 2018లో వచ్చిన ఈ కెమెరాకు నలభై రెట్ల జూమ్ ఉంది. లెక్కలో చెప్పాలంటే 24 నుంచి 960 మిల్లీమీటర్ల వరకు. 2012లో వచ్చిన నా సోనీ 28 దగ్గర మొదలై 100 దగ్గర ఆగిపోతుంది. అంటే వదిన కెమెరా నాదానికన్నా తొమ్మిది రెట్లకు పైగా దగ్గరికి లాగి చూపిస్తుంది. ఇదంతా అద్దాలు ముందుకూ వెనక్కూ జరిగి చేసే జూమ్. ఫోనులో వేళ్ళతో సాగదీస్తే వచ్చేది చాలావరకు ఉన్న బొమ్మను పెద్దది చేయడమే. గోధుమపిండి ముద్ద ఎంత సాగదీసినా పిండి పెరగదు కదా!

వెలుతురు సంగతిలో సోనీది పైచేయి. పాత కెమెరాల్లో ఫిల్ము ఉండే చోట ఇప్పుడు సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. వెలుతురు పట్టేది అదే. సోనీలోని పలక విస్తీర్ణం కెనాన్‌లోని దానికి నాలుగు రెట్లు. మిద్దె మీద వానలో ఒక గిన్నె, ఒక తాంబాళం పెట్టామనుకోండి. జోరువానలో దేనికీ కొదవుండదు. సన్న తుంపర పడేటప్పుడు తాంబాళంలో చేరే నీళ్ళు వేరు, గిన్నెలో చేరేవి వేరు. పట్టపగలు రెండు కెమెరాల ఫోటోలూ పక్కపక్కన పెడితే నేను కూడా తేడా చెప్పలేను. పొద్దు వాలితే చంటిపిల్ల కూడా చెబుతుంది.

దీనికి తోడు లెన్స్ తెరుచుకునే కన్ను కూడా ఉంది. దాన్ని 'ఎఫ్' అనే అంకెతో చెబుతారు. అంకె ఎంత చిన్నదైతే కిటికీ అంత పెద్దదని గుర్తుపెట్టుకోండి. సోనీకి ఎఫ్ 1.8, కెనాన్‌కు ఎఫ్ 3.3. పలకా కిటికీ రెండూ కలిసి చూస్తే సోనీకి అందే వెలుతురు పది రెట్లకు పైనే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. జూమ్ చేసేకొద్దీ రెండింటి కిటికీలూ మూసుకుపోతాయి. సోనీ చివరిదాకా లాగితే ఎఫ్ 4.9 అవుతుంది, వెలుతురు ఏడో వంతుకు పడిపోతుంది. కెనాన్ ఎఫ్ 6.9 అవుతుంది. అందుకని చీకటిపడ్డాక ఏ కెమెరా అయినా జూమ్ చేయకండి. మీరే రెండడుగులు దగ్గరికి వెళ్ళండి.

ఇక ఏ పనికి ఏది బాగుంటుందో మా అనుభవంతో చెబుతాను.

మా వదినకు పిట్టల పిచ్చి. చిత్తూరు దగ్గర వాళ్ళ మామిడితోటలో పాలపిట్ట, వడ్రంగిపిట్ట, లకుముకిపిట్ట, అన్నిటినీ మంచం మీద కూర్చునే తీస్తుంది. రాయలచెరువు కట్ట మీద నిలబడి నీళ్ళ మధ్యలో ఉన్న కొంగను పట్టింది. తిరుపతి వస్తే గోవిందరాజస్వామి గుడి గోపురం మీది బొమ్మలను వీధిలో నిలబడి ఒక్కొక్కటే తీసుకుంటుంది. కందకం అవతల తిరిగే జంతువులను తీయడానికి మన వెంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో దానికి మించిన తోడు లేదు. నా సోనీతో తీస్తే పులి పిల్లంత కనిపించింది. తలకోనలో 270 అడుగుల జలపాతం కింద నిలబడినప్పుడు కూడా కెనాన్‌దే గెలుపు. అది 24 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఎక్కువ వెడల్పు పడుతుంది. నేను రాళ్ళ మీద వెనక్కి వెనక్కి నడవలసి వచ్చింది. ఇరుకు గదిలో పదిమందిని ఒకే ఫోటోలో పట్టాలన్నా అంతే.

బాగా జూమ్ చేసినప్పుడు చెయ్యి వణికితే ఫోటో అలుక్కుపోతుంది. పిట్టగోడకో స్తంభానికో మోచేతులు ఆనించండి. ఊపిరి బిగబట్టి నొక్కండి.

నా సోనీకి ఇంటి లోపలి పనులే ఇష్టం. సీమంతాలు, నామకరణాలు, దేవుడి గది, రాత్రి భోజనాలు. వంటకాల ఫోటోలు తీసి దాచుకునేవారికి కూడా ఇదే నయం. కిటికీ పక్కన పళ్ళెం పెట్టి, ట్యూబులైటు ఆర్పేసి తీయండి. ఉగ్గాని మీది పప్పులపొడి కూడా ఎంచి చూసుకోవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ చీరను తీస్తే ఆ ఎరుపూ నలుపూ కంటికి కనిపించినట్టే వచ్చాయి. దాన్ని కూడా పగటి వెలుతురులో, నీడ పట్టున తీయాలి. ఎండలో తీస్తే రంగు వెలిసినట్టుంటుంది.

పిల్లల నాట్యం చివరి వరసలోంచి తీయాలంటే మాత్రం ఈ రెండింటితోనూ పెద్దగా ఫలితం లేదు. దూరమూ ఉంది, వెలుతురూ తక్కువ, పిల్ల కదులుతూ ఉంటుంది. దానికి మందు ఒకటే. పెందలాడే పోయి ముందు వరసలో కూర్చోండి.

రెండు కెమెరాలకూ అసలు పరీక్ష మా తిరుపతి గంగమ్మ జాతరలో జరిగింది. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. 2024లో వచ్చిన 'పుష్ప-2' సినిమా చూసినవారికి ఆ వేషాల సంగతి కొంత తెలిసే ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఒక్కో రోజు ఒక్కో వేషం. మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టి మొక్కు తీర్చుకుంటారు. వదిన మా మేడ మీద నిలబడి వీధి చివర వస్తున్న గుంపులోంచి ఒక్కొక్క ముఖాన్నీ ఏరి తీసింది. నేను గుమ్మంలో నిలబడి బైరాగి వేషం కట్టిన మా మనవడిని తీశాను. పగలంతా ఇద్దరివీ బాగున్నాయి. పొద్దుగూకాక వదిన ఫోటోలన్నీ రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. నావి శుభ్రంగా ఉన్నాయి, కానీ వీధి చివరివాళ్ళంతా చీమలంత ఉన్నారు. ఎవరి కెమెరా గొప్పదని ఇక వాదులాడుకోవడం మానేశాం.

జాతరలోనైనా గుడి ముందైనా ఎవరిని తీసినా ఒక్క మాట అడిగి తీయండి. మొక్కు తీర్చుకునేవారికి అది వేడుక ఒక్కటే కాదు. తిరుమల ఆలయంలోకి ఫోనూ కెమెరా ఏదీ తీసుకుపోనివ్వరు. క్యూలోకి వెళ్ళకముందే భద్రంగా అప్పగించి వెళ్ళండి.

కొన్ని చిన్న సదుపాయాలు కూడా చూసుకోవాలి. కెనాన్ తెర పైకి లేచి మనవైపు తిరుగుతుంది, కాబట్టి తీసేవాళ్ళు కూడా ఫోటోలో పడవచ్చు. ఎప్పుడూ తీసే పనిలోనే ఉండిపోయే మన ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. వైర్ లేకుండానే ఫోటోలు ఫోనుకు పంపుతుంది. నా పాత సోనీకి ఆ రెండూ లేవు. టైమర్ పెట్టి పరుగెత్తాలి, కార్డు తీసి కంప్యూటరులో పెట్టుకోవాలి. సోనీలోనే అదే వరసలో 2019లో వచ్చిన ఏడో మోడల్ 200 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది. రెండు పనులూ కొంతకొంత చేస్తుంది గానీ ధర బాగా ఎక్కువ.

చేతులు మారినది కొనేటప్పుడు మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్ళండి. జూమ్ నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ జరిపి, గరగరమని శబ్దం వస్తే వదిలేయండి. తెల్ల గోడను ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టు. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఛార్జర్ అడిగి తీసుకోండి.

ఫోనుతో తీసినవి చాలనిపిస్తే కెమెరా కొనకండి చెల్లెమ్మలూ. ఆ డబ్బుతో ఫోనులో ఉన్న మంచి ఫోటోలు ఒక యాభై కాగితం మీద వేయించి ఆల్బం చేసుకోండి. అది ఇంకా మేలు.

ఇక చివరగా మా అత్తగారి సంగతి. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. కెమెరా చూస్తే చాలు బిగుసుకుపోతుంది. "నాకు యాలమ్మే ఈ ఫోటోలు, ముడతల మొగం" అంటుంది. అమ్మ విషయంలో జరిగింది మళ్ళీ జరగకూడదని నా పట్టుదల. కార్తీకమాసంలో ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతుంటే, నేను మూడడుగుల దూరంలో చతికిలబడ్డాను. ఫ్లాష్ ఆపేసి, జూమ్ చేయకుండా సోనీతో తీశాను. ఫ్లాష్ వేసి ఉంటే ముఖం సున్నం కొట్టినట్టయి, దీపం వెలుగు మాయమయ్యేది. మాఘమాసంలో వదిన వచ్చింది. అత్తమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తూ మనవరాలి మాటకు విరగబడి నవ్వుతోంది. వదిన పెరటి చివర జామచెట్టు కింద కూర్చుని, ముప్పై అడుగుల దూరం నుంచి తీసింది. అత్తమ్మకు తెలియనే లేదు.

రెండూ పెద్దవి చేయించి ఆవిడ ఒళ్ళో పెట్టాం. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. దీపం ఫోటో పక్కన పెట్టి, "ఇది నేను పొయినాక పెట్టండి" అంది. రెండోది నా చేతికిచ్చి, "ఈ నగతా ఉండేది ఇప్పుడే పెట్టు" అంది.

పెట్టాను. మా హాల్లో గడియారం కిందనే ఉంది. దీపం ఫోటో బీరువాలో చీరల మడతలో దాచాను. రెండు ఫోటోలకూ నకళ్ళు వదిన దగ్గరొకటి, మా అబ్బాయి దగ్గరొకటి ఉన్నాయి. మీరూ అట్లాగే రెండు చోట్ల దాచండి, కార్డును నమ్ముకోకండి.

కనుక ఉత్తరం రాసిన చెల్లెమ్మా, అంగడికి వెళ్ళేముందు కాగితం తీసుకుని నీకు ఎవరి ఫోటోలు, ఎక్కడివి, ఏ వేళవి కావాలో పది రాసుకో. అందులో తోటలూ గోపురాలూ పిట్టలూ ఎక్కువుంటే జూమ్ పెద్దది కొను. ఇల్లూ దీపాలూ దగ్గరి ముఖాలూ ఎక్కువుంటే సెన్సర్ పెద్దది కొను. ఆ పదిలో మీ అమ్మ పేరు, మీ అత్త పేరు మాత్రం మరిచిపోకు. నీ పేరు కూడా ఒకటి రాసుకో.

వచ్చే వారం చింతపండు ఏడాదిపాటు నల్లబడకుండా నిలవ చేసుకునే పద్ధతితో మళ్ళీ కలుసుకుందాం.